‘టెల్ మీ’ ఒప్పయినప్పుడు ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ ఎందుకు తప్పు? ఇంగ్లీషులో రెండు కర్మల వాక్యాలు

మీరు అడిగినవి నాలుగు ప్రశ్నలు. ‘టెల్ మీ ద ప్రాబ్లమ్’ అనగలిగినప్పుడు ‘ఎక్స్‌ప్లెయిన్ మీ ద ప్రాబ్లమ్’ అని ఎందుకు అనకూడదు? ‘ఐ సెంట్ టు హిమ్ ద ఫైల్’ అని రాస్తే మీ పై అధికారి అందులో ‘టు’ ఎందుకు కొట్టేశారు? ‘గివ్ మీ ద బుక్’, ‘గివ్ ద బుక్ టు మీ’ రెండూ ఒకటేనా? ‘షి బాట్ ఎ వాచ్ టు మీ’లో తప్పేమిటి, దాన్ని పాసివ్‌లోకి ఎలా మార్చాలి? విడివిడిగా అడిగినా ఇవన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. ఇంగ్లీషు పాఠాలు చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్నలు నాకు ఎదురవుతూనే ఉన్నాయి. ‘అది అంతే, బట్టీ పట్టండి’ అనే జవాబు నాకు ఎప్పుడూ నచ్చలేదు. బట్టీ పట్టవలసింది కొంత ఉన్న మాట నిజమే గాని, అది మీరు భయపడుతున్నంత లేదు.

ఇవ్వడం అనే పనిలో ఇచ్చేవారు, పుచ్చుకునేవారు, చేతులు మారే వస్తువు అని మూడు పాత్రలు ఉంటాయి. ఎవరిది ఏ పాత్రో తెలుగులో విభక్తి చెప్పేస్తుంది. ‘రవి సీతకు పుస్తకం ఇచ్చాడు’ అన్నా, ‘సీతకు రవి పుస్తకం ఇచ్చాడు’ అన్నా, ‘పుస్తకం సీతకు ఇచ్చాడు రవి’ అన్నా పుచ్చుకున్నది సీతే. ‘కు’ ఆమెను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి మాటల్ని ఎటు జరిపినా ఇబ్బంది లేదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులోనూ నామవాచకాలకు ఇలాంటి విభక్తి రూపాలు ఉండేవి. 11వ శతాబ్దం నుంచి రెండు మూడు వందల ఏళ్లలో అవి చాలావరకు అరిగిపోయాయి. పుచ్చుకునేవారెవరో చెప్పడానికి ఇంగ్లీషుకు రెండు దారులు మిగిలాయి. ఒకటి స్థానం: క్రియ పక్కనే పుచ్చుకునేవారిని పెట్టి, ఆ తర్వాత వస్తువును చెప్పడం. రెండోది ప్రిపోజిషన్: వస్తువును ముందు చెప్పి, పుచ్చుకునేవారిని ‘టు’తో చివరికి పంపడం.

‘ఐ సెంట్ హిమ్ ద ఫైల్’ మొదటి దారి. ‘ఐ సెంట్ ద ఫైల్ టు హిమ్’ రెండో దారి. మీ వాక్యం రెండింటినీ కలిపేసింది. ‘హిమ్’ను క్రియ పక్కన కూర్చోబెట్టారు, ఆ స్థానమే ‘అతనికి’ అని చెప్పేసింది. దానికి మళ్లీ ‘టు’ తగిలించారు. మీ పై అధికారి కొట్టేసింది ఆ అదనపు గుర్తునే. మనం ‘అతనికి ఫైలు పంపాను’ అనే వరుసలో ఆలోచిస్తాం కాబట్టి ‘అతనికి’ ముందు వస్తుంది, ‘కి’ బదులు ‘టు’ దానంతట అదే వచ్చి చేరుతుంది. ఈ పొరపాటు పుట్టుక ఇదే. దీనికి తలకిందులైన తప్పు ‘ఐ సెంట్ ద ఫైల్ హిమ్’. ఇక్కడ స్థానమూ లేదు, ప్రిపోజిషనూ లేదు. పుచ్చుకున్నదెవరో చెప్పే ఆధారం వాక్యంలో ఎక్కడా మిగలలేదు.

ఇక మీ మూడో ప్రశ్న. ‘గివ్ మీ ద బుక్’, ‘గివ్ ద బుక్ టు మీ’ రెండూ వ్యాకరణరీత్యా ఒప్పే, చెప్పే విషయమూ ఒకటే. కానీ ఒకదాని చోట మరొకటి ఎప్పుడైనా వాడవచ్చు అనుకోకండి. ఇంగ్లీషు వాక్యంలో అందరికీ ముందే తెలిసిన సంగతి ముందుకు, కొత్త సంగతి చివరికి వెళ్తాయి. ఒక సంభాషణ ఊహించుకోండి. ‘సీతకు ఏమిచ్చావు?’ అని ఎవరో అడిగారు. సీత సంగతి అప్పటికే మాటల్లో ఉంది, తెలియాల్సింది వస్తువు. జవాబు ‘ఐ గేవ్ హర్ ద కీ’ అని వస్తుంది. అదే ‘తాళంచెవి ఏది?’ అని అడిగితే తాళంచెవి పాత సంగతి, ఎవరి దగ్గరుందన్నది కొత్త సంగతి. అప్పుడు జవాబు ‘ఐ గేవ్ ఇట్ టు సీత’. ఈ రెండు జవాబుల్నీ అటూ ఇటూ మార్చి చదివి చూడండి. తప్పని ఎవరూ అనరు గాని, వినేవారి చెవికి ఏదో పక్కకు జరిగినట్టు అనిపిస్తుంది.

దీని వెంటే ఇంకో రెండు సంగతులు వస్తాయి. ‘ఇట్’, ‘దెమ్’ లాంటి సర్వనామాలు ఎప్పుడూ పాత సంగతులే కాబట్టి అవి చివర నిలబడలేవు. అందుకే ‘గివ్ ఇట్ టు మీ’ అంటారు. ఇంగ్లండులో కొన్ని ప్రాంతాల వాళ్లు ‘గివ్ ఇట్ మీ’, ‘గివ్ మీ ఇట్’ అనడం మీరు వినవచ్చు. విన్నప్పుడు అర్థం చేసుకోండి, రాసేటప్పుడు మాత్రం ‘గివ్ ఇట్ టు మీ’ అనే రాయండి. రెండోది పొడవు. పొడవాటి పదబంధం చివరికి జరుగుతుంది. ‘ఐ గేవ్ ద కీ టు ద మ్యాన్ హు కేమ్ టు రిపేర్ ద ఫ్యాన్’ హాయిగా సాగుతుంది. అదే ‘ఐ గేవ్ ద మ్యాన్ హు కేమ్ టు రిపేర్ ద ఫ్యాన్ ద కీ’ అంటే ‘కీ’ వచ్చేసరికి వినేవారు క్రియనే మరిచిపోతారు. జోన్ బ్రెస్నన్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త, ఆమె సహచరులు 2007లో ప్రచురించిన పరిశోధనలో మామూలు జనం ఫోనులో మాట్లాడుకున్న సంభాషణలను వరసపెట్టి పరిశీలించారు. సంగతి పాతదా కొత్తదా, సర్వనామమా కాదా, పదబంధం ఎంత పొడవు లాంటివి తెలిస్తే మాట్లాడేవారు రెండు నిర్మాణాల్లో దేన్ని ఎంచుకుంటారో చాలావరకు ముందే చెప్పవచ్చని అందులో తేలింది. అలవాటులా కనిపించే దాని వెనక ఇంత క్రమం ఉండటం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

వరుస సంగతి అలా ఉంచితే, ఈ రెండు నిర్మాణాల మధ్య అర్థంలోనూ ఒక సన్నని తేడా ఉంది. నా దృష్టిలో అసలు తాళంచెవి అదే. పుచ్చుకునేవారిని క్రియ పక్కన పెట్టినప్పుడు, ఆ వస్తువు వారి సొంతమైంది, వారికి అందింది అనే భావం వాక్యంలో ఉంటుంది. ‘టు’తో చెప్పినప్పుడు వస్తువు ఆ వైపు వెళ్లింది అంటే చాలు. ‘ఐ సెంట్ ఎ పార్సిల్ టు లండన్’ సరైన వాక్యం, లండన్ ఇక్కడ గమ్యం. ‘ఐ సెంట్ లండన్ ఎ పార్సిల్’ అంటే మాత్రం చెవికి గుచ్చుకుంటుంది, ఎందుకంటే ఊరు పార్సిల్ పుచ్చుకోలేదు. లండన్‌లోని ఆఫీసునో అక్కడి మనుషుల్నో ఉద్దేశించి అంటే అదే వాక్యం ఒప్పయిపోతుంది. అలాగే ‘త్రో మీ ద బాల్’ అంటే నేను పట్టుకోవడానికి వీలుగా విసరమని. నన్ను కొట్టడానికి విసిరితే ‘త్రో ద బాల్ ఎట్ మీ’ అనాలి, దాన్ని కుదించి ‘త్రో మీ’ చేయడం కుదరదు. ‘ద నాయిస్ గేవ్ మీ ఎ హెడేక్’ అంటారు గాని ‘గేవ్ ఎ హెడేక్ టు మీ’ అనరు. తలనొప్పి ఒక చోటి నుంచి బయలుదేరి నా దగ్గరికి వచ్చిందేమీ కాదు, నాకు కలిగింది అంతే. ‘గివ్ మీ ఎ కాల్’, ‘గివ్ ద డోర్ ఎ పుష్’, ‘గివ్ ఇట్ ఎ ట్రై’ లాంటి రోజువారీ వాడుకలన్నీ ఈ కోవలోవే. వీటిని ‘టు’లోకి మార్చే ప్రయత్నం చేయకండి.

‘ఐ టాట్ హిమ్ ఇంగ్లీష్’ అంటే అతనికి ఇంగ్లీషు వచ్చిందనీ, ‘ఐ టాట్ ఇంగ్లీష్ టు హిమ్’ అంటే నేర్పాను గాని వచ్చిందో లేదో తెలియదనీ కొందరు భాషాశాస్త్రజ్ఞులు అంటారు. మాట్లాడేవారందరూ ఈ తేడా పాటించరు. దీని మీద ఎక్కువ బరువు పెట్టవద్దు.

ఇప్పుడు ‘ఎక్స్‌ప్లెయిన్’ దగ్గరికి వద్దాం. అందడం అనే భావం ఒక్కటే కొలమానమైతే వివరణ కూడా వినేవారికి అందుతుంది కదా, మరి ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ ఎందుకు కాదు? ఇక్కడ అర్థం కన్నా మాట పుట్టుక, దాని ధ్వని ఎక్కువ పని చేస్తాయి. గివ్, సెండ్, టెల్, షో, లెండ్, సెల్, టీచ్, బ్రింగ్ అన్నీ ఇంగ్లీషులో మొదటి నుంచీ ఉన్న పొట్టి మాటలు. రెండు కర్మల్ని పక్కపక్కన పెట్టుకునే అలవాటు వీటిది. ఫ్రెంచి, లాటిన్ భాషల నుంచి తర్వాత వచ్చి చేరిన పొడవాటి మాటలు చాలావరకు ఆ అలవాటు పట్టలేదు. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, అనౌన్స్, డొనేట్, డెమాన్‌స్ట్రేట్, ఇంట్రడ్యూస్, రిపీట్ అన్నీ ‘టు’ దారినే వెళ్తాయి. డిస్క్రైబ్, సజెస్ట్ లాంటి వాటిలో గమనించండి: నొక్కి పలికే అక్షరం మొదట్లో లేదు. ‘ఆఫర్’, ‘ప్రామిస్’ కూడా బయటి నుంచి వచ్చినవే గాని వాటిలో నొక్కు మొదటి అక్షరం మీద పడుతుంది, అవి ‘ఆఫర్ మీ ఎ జాబ్’, ‘ప్రామిస్ మీ వన్ థింగ్’ అని దేశీయ మాటల్లాగే నడుస్తాయి. ‘పే’ ఫ్రెంచి నుంచి వచ్చినా ఒక్క అక్షరం మాట, అదీ ఇటే చేరింది. దీన్ని నియమం అనుకోకండి, మొగ్గు అనుకోండి. నొక్కు చివర పడినా ‘అసైన్’, ‘అవార్డ్’ రెండు కర్మల్ని తీసుకుంటాయి. ‘మెన్షన్’లో నొక్కు మొదటే ఉన్నా అది తీసుకోదు. అయినా కొత్త క్రియ ఎదురైనప్పుడు ఊహించడానికి ఈ మొగ్గు మీకు బాగా పనికొస్తుంది.

కాబట్టి ‘ఎక్స్‌ప్లెయిన్ ద ప్రాబ్లమ్ టు మీ’ అనండి. వివరించవలసిన సంగతే పొడవాటి వాక్యమైతే ఇందాక చెప్పిన పొడవు సూత్రం వర్తిస్తుంది, ‘టు మీ’ ముందుకు జరుగుతుంది: ‘ఎక్స్‌ప్లెయిన్ టు మీ వై ద ప్రోగ్రామ్ స్టాప్డ్’. ఇది ఒప్పే. ‘టు’ను క్రియ పక్కన పెట్టకూడదని చెప్పి ఇప్పుడు పెట్టమంటున్నారేమిటని మీకు అనుమానం రావచ్చు. బరువైన భాగం చివరికి వెళ్లినప్పుడు మాత్రమే దీనికి చోటు ఉంటుంది. ‘ఎక్స్‌ప్లెయిన్ టు మీ ద ప్రాబ్లమ్’లో అంత బరువు లేదు, అందుకే అది కుంటుతుంది.

మనవాళ్లు ‘సజెస్ట్ మీ ఎ గుడ్ బుక్’ అనేది ఎంత ఎక్కువగా వాడతారో చెప్పలేను. ‘సజెస్ట్ ఎ గుడ్ బుక్ టు మీ’ వ్యాకరణం ప్రకారం ఒప్పే గాని అలా అడిగేవారు తక్కువ. ‘కెన్ యు సజెస్ట్ ఎ గుడ్ బుక్?’ అంటే చాలు. అడుగుతున్నది మీరే కాబట్టి ‘నాకు’ అని ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ‘రెకమెండ్ మీ ఎ బుక్’ అనేది బ్రిటన్‌లో మాటల్లో వినిపిస్తుంది. పరీక్షల్లోనూ ఆఫీసు ఉత్తరాల్లోనూ దాన్ని వాడకండి.

మాట్లాడటానికి సంబంధించిన క్రియల్లో ఒక మెలిక ఉంది. ‘సే’ పొట్టి మాట, ఇంగ్లీషు గడ్డ మీదిదే, అయినా ‘సే మీ’ అనకూడదు. ‘టెల్’ సమాచారం ఎదుటివారికి చేరడం గురించి చెబుతుంది. ‘సే’ నోటి నుంచి వెలువడిన మాటల గురించి చెబుతుంది. విస్పర్, షౌట్ లాంటివి గొంతు ఎలా ఉందో చెబుతాయి. చేరడం వాటి పని కాదు కాబట్టి ‘షౌట్ మీ ద ఆన్సర్’ అనరు. ఫోన్, ఈమెయిల్, టెక్స్ట్ మాత్రం సమాచారం చేరవేసే సాధనాలు. అందుకే నిన్నగాక మొన్న వచ్చిన మాటైనా ‘ఈమెయిల్ మీ ద ఫైల్’ అని ఏ ఇబ్బందీ లేకుండా కుదిరిపోయింది.

ఇక మీ వాచీ. ‘ఆమె నాకు వాచీ ఇచ్చింది’, ‘ఆమె నాకు వాచీ కొంది’ రెండింట్లోనూ తెలుగులో ‘నాకు’ అనే అంటాం. ఇంగ్లీషు మాత్రం వీటిని రెండుగా చూస్తుంది. ఇవ్వడం పుచ్చుకునేవారు లేకుండా జరగదు. చూపించడం, అమ్మడం, అప్పివ్వడం కూడా అంతే. వీటన్నిటికీ ‘టు’ వస్తుంది. కొనడం అలా కాదు, ఎవరికోసమూ కాకుండా కూడా కొనవచ్చు. వండటం, తయారు చేయడం, వెతికిపెట్టడం, సీటు ఉంచడం కూడా ఇంతే. పని వేరు, అది ఎవరి కోసమన్నది వేరు. వీటికి ‘ఫర్’ వస్తుంది: ‘షి బాట్ ఎ వాచ్ ఫర్ మీ’. తెలుగులో ‘నా కోసం’ అని మార్చి చూసుకోండి. ‘నా కోసం వాచీ కొంది’ అంటే అర్థం చెడదు. ‘నా కోసం వాచీ ఇచ్చింది’ అంటే చెడుతుంది, నా తరఫున ఇంకెవరికో ఇచ్చినట్టు వినిపిస్తుంది. ‘టు’నా ‘ఫర్’నా అని సందేహం వచ్చినప్పుడు ఈ పరీక్ష చాలాసార్లు గట్టెక్కిస్తుంది.

క్రియ పక్కన పెట్టేటప్పుడు మాత్రం రెండు రకాలూ ఒకేలా కనిపిస్తాయి: ‘గేవ్ మీ ఎ వాచ్’, ‘బాట్ మీ ఎ వాచ్’. అయితే ‘ఫర్’ వచ్చే ప్రతి వాక్యాన్నీ ఇలా కుదించలేం. ‘హి ఓపెన్డ్ ద డోర్ ఫర్ మీ’ని ‘హి ఓపెన్డ్ మీ ద డోర్’ చేయకూడదు. ‘షి క్లీన్డ్ ద రూమ్ ఫర్ మీ’ని ‘క్లీన్డ్ మీ ద రూమ్’ చేయకూడదు. కారణం ఇందాకటిదే. తలుపు తెరిచినంత మాత్రాన తలుపు నా చేతికి రాదు. వాచీ కొంటే అది నాదవుతుంది.

కొన్ని క్రియలకు ‘టు’ దారే లేదు. ‘ఇట్ కాస్ట్ మీ ఎ లాట్’ అనాలి, ‘కాస్ట్ ఎ లాట్ టు మీ’ అనకూడదు. ‘ఫైన్’, ‘బెట్’, ‘ఎన్వీ’ కూడా అంతే. మరికొన్ని ఈ రెండు నిర్మాణాలకూ పక్కనే ఉండి మూడో దారిన వెళ్తాయి: ‘ప్రొవైడ్ అస్ విత్ ద డీటెయిల్స్’, ‘ఇన్‌ఫార్మ్ హిమ్ ఆఫ్ ద డిలే’, ‘రిమైండ్ మీ ఆఫ్ ద డేట్’. ‘ప్రొవైడ్ అస్ ద డీటెయిల్స్’ అని అమెరికన్లు అంటారు, ‘విత్’ పెట్టి రాస్తే ఎక్కడా ఎవరూ తప్పుపట్టరు. బట్టీ పట్టవలసింది ఉందన్నానే, అది ఇక్కడే. క్రియను ఒంటరిగా అర్థంతో పాటు రాసుకుంటే లాభం లేదు. అది నడిచే వాక్యంతో సహా రాసుకోండి. దీనికి మంచి లర్నర్స్ డిక్షనరీ ఒకటి దగ్గర ఉంచుకోవాలి. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన ఆల్బర్ట్ హార్న్‌బీ 1942లో టోక్యోలో తెచ్చిన నిఘంటువు, ఒక్కో క్రియ ఏ నిర్మాణాల్లో ఇముడుతుందో గుర్తులతో చూపించింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని తిరిగి ప్రచురించింది. నేర్చుకునేవారి కోసం ఇప్పుడు వస్తున్న నిఘంటువులు ఆ పనిని ఇంకా తేలిగ్గా చేస్తున్నాయి. క్రియ కింద ‘సమ్‌బడీ సమ్‌థింగ్’ అనే వాటి పొట్టి రూపాలు పక్కపక్కన ఉంటే రెండు కర్మలూ కుదురుతాయని అర్థం. ‘సమ్‌థింగ్ టు సమ్‌బడీ’ అనే వరుస ఒక్కటే కనిపిస్తే రెండో దారి మాత్రమే తెరిచి ఉందని అర్థం. అక్కడ అర్థం చూసి పుస్తకం మూసేయకుండా ఈ చిన్న గుర్తును కూడా చూడటం అలవాటు చేసుకోండి.

ఇంకో చోట తికమక పడవచ్చు. రెండు నామవాచకాలు వరసగా వచ్చినంత మాత్రాన రెండు కర్మలు ఉన్నట్టు కాదు. ‘షి మేడ్ హిమ్ ఎ కేక్’లో అతను వేరు, కేకు వేరు. ‘దే మేడ్ హిమ్ కెప్టెన్’లో అతనే కెప్టెన్. రెండు మాటల మధ్య ‘ఈజ్’ పెట్టి చూడండి. ‘హి ఈజ్ కెప్టెన్’ కుదిరింది, కాబట్టి అక్కడ రెండో మాట కర్మ కాదు, కర్మను గురించి చెప్పే మాట. దాన్ని ‘ఫర్’, ‘టు’లతో అటూ ఇటూ తిప్పలేం.

చివరిగా పాసివ్. ‘గివ్’ లాంటి ‘టు’ క్రియలకు రెండు పాసివ్‌లు ఉన్నాయి: ‘ఐ వాజ్ గివెన్ ఎ వాచ్’, ‘ఎ వాచ్ వాజ్ గివెన్ టు మీ’. ఇందులో మొదటిది రాయడానికి మనవాళ్లు జంకుతారు, ఎందుకంటే ‘నేను వాచీ ఇవ్వబడ్డాను’ అని తెలుగులో ఊహకే అందదు. ఇంగ్లీషులో మాత్రం ఎక్కువగా వినిపించేది అదే. ‘ఐ వాజ్ టోల్డ్ ద ట్రూత్’, ‘వి వర్ షోన్ ద రూమ్’, ‘షి వాజ్ ఆఫర్డ్ ఎ జాబ్’ అని ధైర్యంగా రాయండి. ‘ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ద రూల్స్’ అని మాత్రం రాయకండి. ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ లేనప్పుడు దాన్నుంచి పుట్టవలసిన పాసివ్ కూడా ఉండదు, ‘ద రూల్స్ వర్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మీ’ అన్నదొక్కటే దారి. ఇక ‘ఫర్’ క్రియలకు మనిషితో మొదలయ్యే పాసివ్ అంత చక్కగా అతకదు. ‘ఐ వాజ్ బాట్ ఎ వాచ్’ అని కొందరు అంటారు, కొందరికి అది ఎబ్బెట్టుగా తోస్తుంది. మీ వాక్యాన్ని పాసివ్‌లో రాయక తప్పకపోతే ‘ఎ వాచ్ వాజ్ బాట్ ఫర్ మీ’ అని రాయండి. అయితే కొన్నదెవరో మీకు తెలుసు, చెప్పాలనీ ఉంది. అలాంటప్పుడు నేనైతే పాసివ్ జోలికే వెళ్లకుండా ‘షి బాట్ మీ ఎ వాచ్’ అని రాస్తాను.